గురువారం దువ్వెన

ఈసారి దువ్వెన జుట్టులోంచి కిందికి దిగలేదు. జుట్టే దువ్వెన వెంట వచ్చేసింది.

అమ్మణ్ణి చేతిలోని ఇత్తడి దువ్వెన ఇంకా పొగలు కక్కుతోంది. పళ్ళ మధ్య గుప్పెడు జుట్టు కమిలి అంటుకుపోయింది. వంటింట్లో స్టూలు మీద కూర్చున్న జాహిదా నెమ్మదిగా తల తడుముకుంది. నుదుటి మీది నుంచి చెవి దాకా వేలికి అందనంత పొట్టి మొదళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. పదమూడేళ్ళ పిల్ల, కెవ్వుమంటుందనుకుంది అమ్మణ్ణి. పిల్ల మాత్రం లేచి, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

కడప పక్క పల్లె నుంచి ఒమన్ దేశపు సీబ్‌లోని ఈ విల్లాలో పనికి వచ్చి అమ్మణ్ణికి ఏడేళ్ళు. ఇంటావిడ ఖతీజా జాంజిబార్ దీవిలో పుట్టి, చిన్నప్పుడే కన్నవాళ్ళతో ఒమన్ చేరిన మనిషి. ఆమెదీ కూతురు జాహిదాదీ ఒకటే జుట్టు. నల్లగా, ఒత్తుగా, చిట్టిచిట్టి చుట్లు తిరిగి, వేలు పెడితే మెత్తగా వెనక్కి తోసే జుట్టు. ఖతీజా శుక్రవారం పూట ఓపిగ్గా కూర్చుని కూతురి తలకు సన్నసన్నని జడలు వరసగా అల్లేది. ఆ జడల్లో పిల్ల ఎంత ముద్దుగా ఉండేదో అమ్మణ్ణికి తెలుసు. బళ్ళో పిల్లలకు తెలియలేదు, వెక్కిరించేవాళ్ళు.

ఆ ఇంట్లో పని మాట కాకుండా వేరే మాట అమ్మణ్ణితో మాట్లాడేది జాహిదా ఒక్కతే. ఆరేళ్ళప్పటి నుంచి ఈమె చేతి ముద్దలు తిని, కడప తెలుగు కూడా పట్టేసింది. మధ్యాహ్నాలు వెనకాల చేరి, నడుము దిగిన అమ్మణ్ణి జడను ఒళ్ళో పెట్టుకుని నిమిరేది. విప్పి అల్లుతానంటే మాత్రం అమ్మణ్ణి ఒప్పుకునేది కాదు, పరాయి చెయ్యి పడితే దిష్టి తగులుతుందనేది. పక్క విల్లాలో పనిచేసే గోదావరి మనిషి శ్రీలక్ష్మి, ఇక్కడి నీళ్ళకు తన జుట్టంతా రాలిపోయిందనీ నీకెలా నిలిచిందనీ అడిగితే నవ్వి ఊరుకునేది. ఊరికి పంపిన ఫోటోలోనూ జడ ముందుకేసుకునే నిలబడింది. దాన్ని చూసి నువ్వు సుఖంగా ఉన్నావని నమ్మామని తల్లి జాబు రాయించింది. ఆ జాబు చదువుకున్న రోజు అమ్మణ్ణి అన్నం తినలేకపోయింది.

మూడు నెలల కింద జాహిదా ఎక్కడి నుంచో ఆ ఇత్తడి దువ్వెన తెచ్చింది. పొయ్యి మీద కాల్చి దువ్వితే చుట్లు సాగి జుట్టు తిన్నగా నిలుస్తుందట.

“నీ జడ మాదిరి నాకూ కావాల అక్కా. ఇంగేమీ అడగను.”

గురువారాలు ఖతీజా చెల్లెల్ని చూడ్డానికి ఖురం పేటకు పోయేది. ఆ పూటే వీళ్ళ పని. నిప్పు తగిలే జుట్టుకు చమురు రక్షణనుకుని అమ్మణ్ణి దోసెడు కొబ్బరినూనె పట్టించింది. మన ఆడవాళ్ళకు తలకు సంబంధించిన ఏ జబ్బుకైనా మందు అదే కదా. కాలిన దువ్వెన కింద ఆ నూనే సుయ్యిమని కాగి, జుట్టును లోపలి నుంచి వేయించింది. సముద్రపు గాలికి సాయంత్రానికల్లా మళ్ళీ చుట్లు తిరిగేది. మళ్ళీ గురువారం, మళ్ళీ నూనె, మళ్ళీ నిప్పు. రెండో నెలకు దిండు మీద జుట్టు తునకలు కనిపించాయి. అమ్మణ్ణి చూసింది. ఒక్క మాట చెప్పి ఉంటే పిల్ల ఆ రోజే ఆపేసేది. చెబితే ఇక తన దగ్గరికి రాదేమోనని భయపడి, నోరు నొక్కుకుంది.

ఇప్పుడు రెండు రోజులుగా ఆ తలుపు తెరుచుకోలేదు. ఖతీజా బతిమాలింది, తిట్టింది, చివరికి తలుపుకు ఆనుకుని ఏడ్చింది. నా తల్లిదీ ఇదే జుట్టు, దీనికేం తక్కువని కాల్చారని అమ్మణ్ణిని నిలదీసింది. నిన్ను పంపించెయ్యడం నాకు క్షణం పని, కానీ దాన్ని తిండి తినేలా చెయ్యడం నీవల్లే అవుతుంది అని చెప్పి ఖతీజా పక్కకు తప్పుకుంది.

అమ్మణ్ణి పాలగ్లాసుతో తలుపు దగ్గర కూర్చుంది.

“పాపా, నేనే. తలుపు తీ.”

చాలాసేపటికి గడియ కదిలింది. జాహిదా తలకు దుప్పటి చుట్టుకుని మంచం మీద ముడుచుకుంది. రెండు రోజుల్లోనే కళ్ళు లోతుకు పోయాయి.

“మళ్ళా మొలుస్తాది పాపా. తప్పు నిప్పుది, నా నూనెది.”

“కాదు. నా జుట్టుదే తప్పు. ఎంత కాల్చినా నీ మాదిరి కాలేదే. ఇది చెడ్డ జుట్టు అక్కా. దేవుడు నీకు మంచిదిచ్చినాడు, నాకు చెడ్డదిచ్చినాడు.”

ఆ పిల్ల జీవితాంతం అదే నమ్ముతుందని అమ్మణ్ణికి తోచింది. నిజం చెబితే ఈ ఏడేళ్ళ చెలిమి పోవచ్చు. చెప్పకపోతే పిల్లే పోతుంది. గ్లాసు కింద పెట్టి, తలుపు మూసి వచ్చి, మంచం అంచున కూర్చుంది.

“నా జడ విప్పుతానని ఎన్నిసార్లో అడిగితివి గదా. ఇప్పుడు చూడు.”

చేతులు మెడ వెనక్కి పోనిచ్చింది.

సవరం జడను ఊడదీసి పిల్ల ఒళ్ళో పెట్టింది.