తనిఖీకి వచ్చే మనిషి

"ఈపారి గూడ సర్టిఫికెట్ రాకపోతే మా ఊరోళ్ళు మనకు కాయ ఎయ్యరంట అమ్మా," అంది మాసమ్మ, సీతాఫలాల గంప దించుతూ.

రాజకుమారి ఉలిక్కిపడింది. ఆమె చేతిలో బొద్దింకల మందు డబ్బా ఉంది మరి. దాన్ని పళ్ళ అల్మారా వెనక, సగం బయటికి కనపడేలా పెట్టబోతూ దొరికిపోయింది.

చిక్కడపల్లి సందులో, ఇంటి కింది వాటాలోనే ఆమె సీతాఫలం గుజ్జు తీయించి ఐస్‌క్రీం దుకాణాలకు వేస్తుంది. కాయ మహబూబ్‌నగర్ దిక్కున మాసమ్మ ఊరి చిన్న రైతులది. వాళ్ళు మందులు కొట్టరని, నేలనూ నీళ్ళనూ పాడు చేయరని సర్టిఫికెట్ ఉంటే మంచి ధరకు కొంటామని ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. రైతుల చెట్లన్నీ చూసి పాస్ చేశారు. ఇక మిగిలింది గుజ్జు తీసే ఈ గది. ఇక్కడ ఒక్క రసాయనం కనపడినా ఊరు మొత్తానికీ సర్టిఫికెట్ ఆగిపోతుంది.

మొదటిసారి తనిఖీలో ఫినాయిలు సీసా దొరికింది. అది నిజంగా మర్చిపోయిందే. రెండోసారి దొరికిన సీసాను మాత్రం రాజకుమారి కావాలనే ఉంచింది. ఎందుకమ్మా అంటే ఏం చెబుతుంది, సిగ్గుచేటు. పొద్దుగూకి మాసమ్మతో పాటు గుజ్జు తీసే ఆడవాళ్ళంతా బస్తీకి వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో అలికిడి ఉండదు. భర్త పోయిన కొత్తలో వచ్చిన చుట్టాలు మళ్ళీ తొంగిచూడలేదు. తనిఖీకి వచ్చే ఫణీంద్ర ఒక్కడే కుర్చీ లాక్కుని కూచుని, కాయ ఎట్లా ఏరుతారు, గింజ ఎట్లా తీస్తారు అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, చెప్పేదంతా ఓపిగ్గా వింటాడు. పాసైపోతే ఆ ఒక్క మనిషీ రాడు. అదీ ఆమె భయం.

"ఆ డబ్బా ఏందమ్మా?" అంది మాసమ్మ.

పారేద్దామనే తీశానని రాజకుమారి నీళ్ళు నమిలింది. మాసమ్మ నమ్మేసింది పాపం. కత్తులు కడుగుతూ తన గోడు తాను చెప్పుకుపోయింది. ఊళ్ళో చెల్లెలు మంగకు పొలం గట్ల మీద మంచి చెట్లున్నాయట. సర్టిఫికెట్ వస్తే ఆ ధరతో ఊళ్ళోనే బతుకుతుందట, తనలా పట్నమొచ్చి కూలికి తిరగాల్సిన ఖర్మ పట్టదట.

రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. తనకు తోచడం లేదని ఒక ఊరి నోటి దగ్గరి కూడు లాగుతోందా? ఛీ, అనుకుంది. డబ్బా పట్టుకుని గబగబా బయటికి నడిచి, చెత్త ఆటోలో తన చేత్తోనే పడేసి వచ్చింది. తర్వాత మాసమ్మతో కలిసి గది మూలమూలా కడిగింది. కడుగుతున్నంతసేపూ ఏడుపొస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఫణీంద్ర వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. అశోక్‌నగర్‌లో కిరాయి గది అతనిది. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలే, పుస్తకంలోంచి తలెత్తి పలకరించే వాడు లేడని పోయినసారి తనే చెప్పాడు. బాగున్నారా సార్ అని రాజకుమారి అడిగితే, ఏం బాగు అక్కా, మెస్సు తిండి, బస్సు తిరుగుడు అని నవ్వబోయి ఊరుకున్నాడు.

తొట్లు చూశాడు. మూతలు తీసి వాసన చూశాడు. అల్మారా వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చూసిందే మళ్ళీ చూస్తూ గదిలో కలియతిరిగాడు.

"ఈసారి అంతా మంచిగనే ఉందక్కా," అన్నాడు చివరికి. ఆ మాట అంటున్న గొంతులో సంతోషమేమీ లేదు.

అయిపోయింది, ఇక రాడు, అనుకుంది రాజకుమారి. కడసారిగా టీ అయినా ఇద్దామని లోపలికి వెళ్ళింది. గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేసరికి మాసమ్మ వాకిట్లో తొక్కలు ఎత్తుతోంది, ఫణీంద్ర గంపల దగ్గర వంగి ఉన్నాడు. రాజకుమారి గడప దగ్గరే ఆగిపోయింది.

ఫణీంద్ర లేచి అరచెయ్యి చాపాడు. బట్టల్లో పురుగు పట్టకుండా వేసుకునే డాంబర్ గోలీలు, తెల్లగా.

"గంప కింద ఉన్నయి," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "ఇవి ఉంటే పాస్ చెయ్యరాదక్కా. నేను మళ్ళ రావాల్సి వస్తది."

ఆ మాట విని మాసమ్మ పరుగున వచ్చింది. పొద్దున ఆ గంపలన్నీ తన చేతులతోనే జరిపి ఊడ్చానని, మంగ మీద ఒట్టేసి చెబుతున్నానని లబలబలాడింది.

రాజకుమారి ఊరకుంటే చాలు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ కుర్చీ లాక్కుని కూచుంటాడు. ఆమెకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. అయినా మాసమ్మను వాకిట్లోకి పంపేసి, టీ గ్లాసు అతని ముందు పెట్టింది.

"తాగు తమ్మీ. తాగి, పాసని రాయి. ఆదివారం ఉత్తగనే రా, ఇద్దరం కూసొని అన్నం తిందాం."

ఫణీంద్ర అరచెయ్యి మళ్ళీ చాపాడు. "మరి ఈ గోలీలు?"

రాజకుమారి అతని గుప్పిట మూసి, మెల్లగా అంది:

"నీ జేబుల నుంచి తీసి పెడ్తుంటే చూసిన."