దర్శనం బాగా జరిగింది

ఫోను మోగుతోంది. వీడియో కాల్. ఎత్తితే గిరిబాబు వెనకాల సముద్రం, ముందు రొయ్యల వేపుడు కనిపిస్తాయి. ఎత్తకపోతే ఆమదాలవలసలో వాళ్ళమ్మ దాలమ్మ, కొడుకూ కోడలూ ఏమైపోయారోనని చుట్టాలందరికీ ఫోన్లు చేసేస్తుంది.

"ఎత్తకు బావా," అంది రేఖ ఇసకలోంచి కాళ్ళు పైకి తీసుకుంటూ.

"ఎత్తకపోతే మళ్ళీ సేస్తాది. మీ అత్త సంగతి నీకు తెల్దేటి?"

తెలియకేం. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి ఇప్పుడే మొదటిసారి, ఇద్దరే రెండు రోజులు హాయిగా ఉందామని సముద్రం ఒడ్డున ఈ ఆరు గదుల హోటలుకి వచ్చారు. ఇంట్లో మాత్రం శ్రీకూర్మం వెళ్తున్నాం, దేవుడి దగ్గర నిద్ర చేసి వస్తాం అని చెప్పారు. నిద్ర మాట నిజమే. పొద్దున తొమ్మిదింటిదాకా లేవలేదు.

మొగుడూ పెళ్ళాం సరదాగా తిరగడమంటే దాలమ్మ దృష్టిలో సిగ్గుమాలిన పని. చిన్నకోడలు రాజకుమారి ఒకసారి మొగుడితో మ్యాట్నీకెళ్ళి దొరికిపోయింది. మూడేళ్ళయినా సరే, ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా విస్తట్లో అన్నంకంటే ముందు ఆ మ్యాట్నీయే వడ్డిస్తుంది దాలమ్మ.

ఫోను ఆగింది. వెంటనే వాయిస్ మెసేజి వచ్చింది.

"ఒరే గిరీ, నాకు మోకాళ్ళు నొప్పులాయె, రాలేకపోనాను. గుడి బయట నిల్సోని ధ్వజస్తంభం సూపించు. ఇక్కణ్ణుంచే దండమెట్టుకుంటాను. పది నిమిసాల్లో మళ్ళీ సేస్తాను."

"ఆటో ఎక్కితే పది నిమిసాల్లో శ్రీకూర్మం ఎల్లిపోలేమా?" అన్నాడు గిరిబాబు.

"ఈ నిక్కరుతోనా?"

గిరిబాబు తన నిక్కరు వైపు చూసుకున్నాడు. దానిమీద కొబ్బరిచెట్లున్నాయి.

రేఖ గొంతు తగ్గించింది. "బావా, రేపు పొద్దున్నదాకా నాను ఎవలికీ టీ పెట్టక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళకి ఒక్క పూట. ఇప్పుడు దొరికిపోతే ఇంక నన్ను నిజం శ్రీకూర్మానికి కూడా పంపరు."

నిమ్మచెక్కలు తెచ్చిన హోటలాయన అసిరయ్య బల్ల పక్కనే నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన మొహంలో కంగారేమీ లేదు.

"ఇంటికాడ ఏటని సెప్పినారు బాబూ? శ్రీకూర్మమా, అరసవిల్లా?"

"శ్రీకూర్మం."

"అయితే రెండో ఫ్లెక్సీ. ఎనకాలకి రండి."

వంటింటి వెనక గోడకి చుట్టిపెట్టిన ఫ్లెక్సీ ఒకటి కిందికి దింపాడు. గుడి గోపురం, మెట్లు, పైన నీలంగా ఆకాశం. మబ్బులు కూడా ఉన్నాయి. భక్తికి ఏ లోటూ రాకుండా అచ్చు వేయించాడు.

"మా అమ్మ గట్టిది. అక్కడ ధ్వజస్తంభాలు రెండుంటాయి. లెక్కెడతాది," అన్నాడు గిరిబాబు.

"రెండూ ఉన్నాయి సూసుకోండి. ఒకటి తగ్గించి యాపారం సేసే అలవాటు మాకు లేదు."

నామాల గిన్నె వచ్చింది. కొబ్బరిచెట్ల నిక్కరు మీదికి పంచె వచ్చింది. అసిరయ్య తన సెల్లులో గుడిగంటలు పెట్టి కిటికీలో నిలబెట్టాడు.

"మరి ఆ అలల హోరు?" అంది రేఖ.

"జనం అని సెప్పండమ్మా. అందరూ అదే సెప్తారు."

"ఇంటికి పెసాదం అట్టుకెళ్ళాల గదా?"

"అది మాత్రం అసలుదే. మా ఆవిడ రోజూ తెల్లారే బస్సెక్కి గుడికెళ్ళి తెస్తాది. దేవుడి కాడ అబద్ధాలాడకూడదు తల్లీ."

అంత నిజాయితీపరుడు చెప్పాక ఇంకేం మాట్లాడతారు. ఇద్దరూ ఫ్లెక్సీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫోను మోగింది.

తెరనిండా దాలమ్మ కళ్ళజోడు.

"వచ్చినారా గుడికి?"

"పొద్దుటే వచ్చీసినాం అమ్మా. దర్శనం బాగా జరిగింది."

"ఆ హోరేటిరా?"

"జనం. ఇసకేస్తే రాలడం లేదు."

"ఒసే రేఖా, ఏటైనా తిన్నావా?"

"పెసాదం తప్ప ఇంకేటీ తిన్నేదత్తా," అంది రేఖ, మసాలా అంటిన చెయ్యి కొంగులో దాచుకుంటూ.

"ఫోను కుసింత పైకెత్తు." దాలమ్మ వేలు తెరమీదికి వచ్చింది. "ఒకటి. రెండు." లెక్క సరిపోయింది. కళ్ళు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది.

"ఏటండీ, ఇలాగొచ్చి మీరూ సూడండి," అని భర్తని పిలిచింది.

నరసింగరావు పేపరు పక్కకి తీసి, ఫోనులోకి ఒకసారి తొంగిచూశాడు. వెంటనే దగ్గొచ్చినట్టు మళ్ళీ పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఉంటానమ్మా, ఇక్కడ జనం తోసెత్తన్నారు," అన్నాడు గిరిబాబు.

"ఉండు." దాలమ్మ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుని గొంతు తగ్గించింది. "అన్నీ బాగున్నాయి గాని, ఇద్దరూ కుసింత ఎడమపక్కకి జరగండి. ఆ ఫ్లెక్సీ చిరుగులోంచి గేసుబండ అవుపడతన్నాది. నిరుడు గుడి కాణ్ణుంచని నీకు ఫోన్ సేసినప్పుడు నానూ మీ నాన్నా అక్కడే దానికి అడ్డంగా నిల్సున్నాం."