గోలీ దొర్లిన ఇల్లు

ఫ్లాటు చూడ్డానికి బయల్దేరినప్పుడు బట్టల వ్యాపారి దగ్గర ఉన్నవి మూడు: పందొమ్మిదేళ్ళ సంపాదన, ఒక టార్చిలైటు, చిన్నకూతుర్ని బతిమాలి తెచ్చుకున్న గాజు గోలీ.

అతనిది కట్‌పీసుల కొట్టు. మిల్లు వాళ్ళు పక్కన పడేసిన తాన్లు కొని, కత్తిరించి అమ్ముతాడు. చిరుగు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే ధర దిగుతుంది. దిగిన ధరే లాభం. ఆ ఒక్క కిటుకుతోనే అద్దె గది నుంచి సొంతింటి బేరం దాకా వచ్చాడు.

నాలుగో అంతస్తు. తలుపు తీసింది తెల్లగడ్డం పెద్దాయన. ఒంటరి మనిషి. సగం సామాను అప్పటికే అట్టపెట్టెల్లోకి ఎక్కింది.

వ్యాపారి గోలీని హాలు మధ్యలో పెట్టి వదిలాడు. అది కాసేపు తటపటాయించి, నెమ్మదిగా దొర్లుకుంటూ పడగ్గది మూలకి చేరింది.

"నేల వాలిందండీ."

"వాలిందా? నా కళ్ళకి ఆనదు బాబూ. ఎంత తగ్గించమంటారు?"

వ్యాపారి తన కొట్లో ఎవరైనా చిరుగు చూపిస్తే, అది నేతలోనే ఉన్న అందమని అరగంట వాదిస్తాడు. అమ్మేవాడు వాదించకపోవడం అతను ఎక్కడా చూడలేదు.

పడగ్గదిలో టార్చి వేశాడు. కిటికీ మూల నుంచి బీము కిందికి ఏటవాలుగా ఒక పగులు పాకింది.

"మరి ఇదేమిటండీ?"

"ఏమో బాబూ. ఈ రిపేర్ల సంగతి నాకేం తెలుసు? దానికీ కొంత తగ్గించుకోండి."

బాత్రూం తలుపు చట్రంలో పట్టలేదు. ధర తగ్గింది. వంటగది గోడ చెమ్మగా ఉంది. ఇంకా తగ్గింది. చివరికి మూడు ఫ్యాన్లు కూడా ఉంచేస్తానన్నాడు పెద్దాయన.

"పిల్లలున్నారా?" ఆయన అడిగింది అదొక్కటే.

"ఇద్దరు ఆడపిల్లలండీ. ఈ గది వాళ్ళకే."

పెద్దాయన పగులు వైపు కాసేపు చూశాడు.

"రిజిస్ట్రేషన్ ఈ వారంలోనే పెట్టుకుందామా?"

మెట్లు దిగుతూ వ్యాపారి ఆయన నంబరు ఫోన్లో దాచుకున్నాడు. పేరు రాయాల్సిన చోట, తనలో తాను నవ్వుకుంటూ, 'గంగిగోవు' అని కొట్టాడు.

ఇంట్లో దిగాక రిపేర్లన్నీ తనే మొదలుపెట్టాడు. కుళాయికి కొత్త వాషరు వేశాడు. బాత్రూం తలుపు అంచు చిత్రిక పట్టాడు. పగులుకి లప్పం పెట్టి పైన రంగు కొట్టాడు.

"దానికి మాత్రం ఎవరైనా తెలిసినవాళ్ళని పిలిపించండీ," అంది భార్య.

"లప్పం పెట్టడానికి మనిషెందుకే? చిరుగుకి అతుకెయ్యడం నాకు చేతకాదా?"

"బట్ట చిరిగితే ఒళ్ళు కనపడుతుంది. ఇల్లు చిరిగితేనో?"

"నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా!"

రెండు నెలలకి పగులు మళ్ళీ తేలింది. చిల్లర నాణెం దూరేంత. మళ్ళీ లప్పం. నాలుగో నెలకి వేలు దూరింది. చిత్రిక పట్టిన తలుపు మళ్ళీ బిగుసుకుంది. ఒకరోజు పొద్దున్నే పడగ్గది తలుపు రాక పిల్లలిద్దరూ లోపల ఏడుపు అందుకున్నారు. భుజంతో గుద్ది తెరిచాడు. తలుపు వచ్చింది. దాంతోపాటు పైనుంచి గుప్పెడు సున్నం పెచ్చులు చిన్నదాని దిండు మీద రాలాయి.

అప్పుడు తాపీమేస్త్రీని పిలిచాడు.

మేస్త్రీ బీముని సుత్తి పిడితో తట్టాడు. పళ్ళెమంత పెచ్చు ఊడిపడింది. లోపల ఇనుప చువ్వలు తుప్పు తిని పుల్లల్లా ఉన్నాయి. ఉండాల్సినన్ని కూడా లేవు. మేస్త్రీ సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఎంతవుతుందయ్యా?"

"నాకేమీ వద్దు సార్. ఇది నా చేతి పని కాదు. ముందు పిల్లల మంచం ఇక్కణ్ణించి తీయించండి."

"భయపెట్టి రేటు పెంచకు. నేనూ వ్యాపారినే."

"రేటు కోసమైతే ఇంత లప్పం మెత్తి డబ్బులు పట్టుకుపోయేవాణ్ణి కదా సార్. ఈ బిల్డింగుకి ప్లాను గీసి, దగ్గరుండి కట్టించిన ఇంజనీరు ఒకాయన ఉంటాడు. కింద మీటర్ల గదిలో పాత రేకు బోర్డు మీద నంబరు ఉండాలి. ఏ పిల్లర్లో ఎంత ఇనుము వేశాడో, ఎంత మిగుల్చుకున్నాడో ఆయనకే తెలియాలి. ఇంకెవరొచ్చినా పైనుంచి చూసి ఊహించడమే."

భార్య పిల్లల పరుపు హాల్లోకి ఈడుస్తోంది. గోలీ ఎక్కడిదో కాలికి తగిలి, మునుపటికంటే జోరుగా పడగ్గది మూలకి పరిగెత్తింది.

నాలుగంతస్తులు దిగుతూ వ్యాపారి మనసులో లెక్క వేసుకున్నాడు. నేల వాలుకి తగ్గింది, పగులుకి తగ్గింది, తలుపుకీ చెమ్మకీ తగ్గింది. అన్నీ కలిపి ధరలో అయిదో వంతు తన దగ్గరే మిగిలింది. మూడు ఫ్యాన్లు అదనం. ఇంజనీరు ఎంత అడిగినా ఇంకా తనకి లాభమే.

మీటర్ల గదిలో బోర్డు మీద పేరు ఎవరో గీకేశారు, నంబరు మాత్రం మిగిలింది. వ్యాపారి దుమ్ము తుడిచి ఒక్కో అంకె ఫోన్లో నొక్కుతూ పోయాడు. చివరి అంకె పడగానే, తను ఎప్పుడో దాచుకున్న పేరు తెర మీద దానంతటదే వెలిగింది: గంగిగోవు.