పది వంతుల హద్దు

నా నేల కువైటు మీద పడిన ఇరాకు సైన్యం వల్ల పోయిందని ఊళ్లో అనుకుంటారు. పోగొట్టింది అమలాపురం భాస్కరరామం.

కువైటులోని సబ్హాన్ గోదాము ఆఫీసులో అతను కంప్యూటరు ఆపరేటరు, నేను ఊడ్చేవాణ్ణి. సైనికులు పక్క గోదాములోని సరుకును లారీలకెత్తుతుంటే, అతను మా సర్వీసు జాబితాలు అచ్చు తీస్తున్నాడు. ఆ కాగితముంటేనే పదకొండేళ్ల సర్వీసు డబ్బు వస్తుంది, తాకట్టులోని నా నేల విడుస్తుంది.

కంప్యూటరు మిషను బలంలో నూటికి తొంభై వంతులు ఆఫీసర్ల జాబితాకు, పది లేబరుకు. ఆఫీసర్లది అయిపోయినా మాది ఇంకా తయారవుతూనే ఉంది.

"సామీ, మిషను ఊరికే ఉండాది గదా. ఆ తొంభై గూడా మాకిడువు."

"మేనేజరుగారు పెట్టించిన లిమిటయ్యా. ఆయన చెప్పకుండా తియ్యకూడదు."

"ఆయప్ప సౌదీకి పారిపోయి పదినాళ్లాయ!"

"రేపొస్తే జవాబు నువ్వు చెప్తావా? చీపురు పట్టేవాడివి, నీకెందుకివన్నీ?"

టై సర్దుకుని ఆఫీసర్ల కాగితాలు తిరగేశాడు. మళ్లీ మొదటినుంచి తిరగేశాడు.

"నా పేరు లేదేంటి?"

"మనం ఈడుండే పర్మిట్లు, ఇఖామాలు, మార్పించను మోసకపోయేది నేనే. నాదాంట్లో, నీదాంట్లో ఒకటే రాతుండాది. ఆమిల్. కూలోడని. అరబ్బీ గదా, నువ్వు సదవలా; నాకు ఆడి గుమాస్తా సదివి చెప్పె. నీ పేరుండేది మా జాబితాలోనే, సామీ."

భాస్కరరామం హద్దు తీసేయడానికి మీటలమీద పడ్డాడు. లోపలికొచ్చిన సైనికుడు "ఖలాస్" అంటూ వైరు పీకేశాడు.

లేబరు కాగితం ఒక్కటీ బయటికి రాలేదు. అతనికి మెడలో టై మిగిలింది. రాయచోటి దగ్గర నాకు పోయింది ఎకరా పద్నాలుగు సెంట్లు.