వంతెన శ్రుతి

లిమ్ నది మీది వేలాడే వంతెన ఇనుప తాడుకు మైకు అంటించాను. నది హోరులో మాట వినపడదు కనుక, ఒడ్డు నుంచి నేను చెయ్యెత్తినప్పుడల్లా చెల్లెలు దెసంక వంతెన నడుమ ఒక గెంతు వేయాలి.

"నీ పాట కోసం నన్ను మేకపిల్లను చేశావు కదా అన్నయ్యా!"

"మేకయితే ఇన్ని మాటలనదు. నడువు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెయ్యెత్తాను. తాడు మోగింది. నిరుడు ఇక్కడే రికార్డు చేసినదాని కన్నా ఎంతో మంద్రంగా ఉంది. కొత్త ఆల్బమ్‌కు నేను వెతుకుతున్న స్వరం అదే. మళ్లీ ఎత్తాను. ఇంకా దిగింది. ఆశ కొద్దీ మళ్లీ ఎత్తాను.

అప్పుడు గుర్తొచ్చింది. తంత్రి వదులైతేనే శ్రుతి దిగుతుంది.

"దెసంకా, వచ్చేయ్!" అని అరుస్తూ రెండు చేతులూ ఎత్తి ఊపాను.

ఆ చేతులు చూసి ఆమె నవ్వింది. ఈసారి బలం కొద్దీ గెంతింది.