ఇల్లు చెప్పిన పేరు

మనిషి తన పేరు చెప్పుకుంటే చాలదు, మాట బయల్దేరిన ఇల్లు కూడా అదే పేరు చెప్పాలి. ఒకప్పుడు ఈమెయిళ్ళకే ఉన్న ఈ తనిఖీని, మోసగాళ్ళ పుణ్యమా అని, ఇప్పుడు నోటి మాటకూ పెట్టారు. పేర్లు కలవకపోతే ఎదుటివాళ్ళ చెవిలోని యంత్రం మన మాటను చెత్తబుట్టలో వేస్తుంది. చీటీ రాసి చూపించినా వాళ్ళ కళ్ళద్దాలకు తెల్లకాగితమే. ఇల్లు చెప్పే పేరు మార్చగలిగేది ఓనరు ఒక్కడే.

కాకినాడలో మేం దిగిన పైవాటా ఇంకా పాత అద్దెదారు వకుళ పేరే చెబుతోంది. నేనూ మా ఆయనా ఒకరికొకరు వినపడక సుఖంగానే ఉన్నాం కానీ, ఎంత అరిచినా కూరలబండి ఆగడం లేదు. పేరు మార్చమని ఓనరు తాతబ్బాయిగారిని బతిమాలదామంటే, ఆయనకూ వినపడను కదా!

ఇవాళ ఒకామె తలుపు కొట్టింది. గుమ్మం బయట పెదాలు కదిలాయి తప్ప మాట వినపడలేదు. లోపల అడుగుపెట్టగానే గొంతు ఖంగుమంది.

"నేను వకుళనండి. కొత్తింట్లో నా మాట ఎవరికీ వినపట్టం లేదు. ఇక్కణ్ణించి ఒక్క ఫోను చేసుకుంటానండి."

నేను ఆమెను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, కింద అరుగు మీదున్న ఓనరునీ, నన్నూ వేలితో చూపించాను. మంచిమనిషి, వెంటనే అర్థం చేసుకుంది.

"తాతబ్బాయిగారండీ! ఈ వాటాకి ఈవిడ పేరు పెట్టెయ్యండి!"

"ఆయ్, అలాగేనండి," అంటూ ఆయన ఫోను తీశాడు.

వకుళ నావైపు తిరిగింది. "డాక్టరుగారికండి ఫోను. మా పాపకి పొద్దున్నించీ..."

ఆపైన పెదాలే కదిలాయి.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా!" అని అరిచాను.

వీధిలో కూరలబండి ఆగింది. సంచీ పుచ్చుకుని కిందికి పరిగెత్తాను.