టేబుల్ దగ్గరి నవ్వు

"నా సొంత చెల్లెలి పెళ్లి నాడు నేను డ్యూటీకొస్తానని మాటివ్వడానికి నువ్వెవరు?" వంటగది కిటికీ దగ్గర ప్లేట్లు అందుకుంటూ పళ్లు నూరింది భార్య.

"మెల్లగా! హాల్లోకి వినిపిస్తుంది. మేనేజర్ అడిగితే కాదనలేకపోయా," అన్నాడు భర్త. ఇద్దరూ ఆ హోటల్లో సర్వర్లే.

తలుపు దాటగానే ఆమె ముఖం విచ్చుకుంది. "వేడిగా ఉంది సార్, చూసుకోండి." పనిలో చేరిననాడు భర్తే నేర్పాడు: ఒళ్లు మండిపోతున్నా కస్టమర్‌కి నవ్వే కనపడాలి.

ఖాళీ ట్రేతో వచ్చి మళ్లీ గొడవ అందుకుంది. "ఊరందరికీ సరేనంటావు. ఆ సరేలన్నీ నా నెత్తినే!"

"ఈ ఒక్కసారికీ సర్దుకోవే. పెళ్లికి నేను వెళ్లొస్తాగా."

ఆమె అతని వంక ఒక్క క్షణం చూసింది. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్లి, నీళ్లు పోసి వచ్చింది. తిట్లకి సిద్ధమై అతను తల వంచుకున్నాడు.

తిట్టలేదు. ముఖం విచ్చుకునే ఉంది. "సరేనండి. ఇంకేమైనా కావాలా?"

అతను తలెత్తి చూశాడు. తను నేర్పిన నవ్వే. తన వైపు తిరగడం మాత్రం ఇదే మొదలు.

"అలా నవ్వకే. తిట్టు."

"అయ్యో, దేనికండీ?"

అదే నవ్వుతో ఆమె పక్క టేబుల్‌కి వెళ్లిపోయింది.